కుటుంబ కంపెనీ బోర్డులో బయటివారు ఉంటే వ్యాపారం బాగుపడుతుందా?

కోవూరు ఆక్వా:
నెల్లూరు దగ్గర మాకు రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్ ఉంది. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. నాన్నగారు, బాబాయి, నేను డైరెక్టర్లం. సరుకు దాదాపు అంతా అమెరికాకే వెళ్లేది. 2025 ఆగస్టులో అక్కడి సుంకం 50 శాతానికి చేరేసరికి కోల్డ్ స్టోరేజీ నిండిపోయింది, బ్యాంకు అప్పు పరిమితి అంచుకు వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే యూరప్ నుంచి ఒక కొనుగోలుదారు వచ్చి, చెరువువారీగా మందుల రికార్డులు అడిగారు. 'ఆ తలనొప్పి మనకెందుకు' అన్నారు నాన్నగారు. బాబాయి తల ఊపారు. నేనూ ఊపాను. ఆ రోజు కాదనేవారు ఒక్కరు కూడా ఆ గదిలో లేరు. ఇప్పుడు బయటి డైరెక్టరును తీసుకుందామంటే ఇంట్లో ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

ఒంగోలు ఆడిటర్:
తొందరపడకండి. సత్యం కంప్యూటర్స్ బోర్డులో హార్వర్డ్ ప్రొఫెసర్, ఐఎస్‌బీ డీన్, మాజీ కేబినెట్ కార్యదర్శి ఉండేవారు. అంతటి బోర్డే 2008 డిసెంబరు 16న మైటాస్ పేరున్న రెండు కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనడానికి సరేనన్నది. అవి సత్యం ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందినవే. మదుపరులు మండిపడితే గంటల్లోనే వెనక్కి తగ్గారు. మూడు వారాలకు, 2009 జనవరి 7న, పుస్తకాల్లో చూపిన 5,040 కోట్ల రూపాయల నగదు అసలు లేనేలేదని రామలింగరాజు లేఖ రాశారు. పెద్ద పేర్లు ఏం కాపాడాయి?

నెల్లూరు కంపెనీ సెక్రటరీ:
ఆడిటర్ గారూ, బోర్డుకు ఏ కాగితం వెళ్లాలో యాజమాన్యమే నిర్ణయిస్తే ఎవరు కూర్చున్నా అంతే. 2013 కంపెనీల చట్టం లిస్టెడ్ కంపెనీల (షేర్లు స్టాక్ మార్కెట్లో అమ్ముడయ్యేవి) బోర్డులో మూడో వంతు స్వతంత్ర డైరెక్టర్లు, అంటే యాజమాన్యంతో సంబంధం లేనివారు, ఉండాలంది. ఛైర్మన్ ప్రమోటరు (కంపెనీని నడిపించే యజమాని) మనిషైతే సగం ఉండాలని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన. కోవూరు మిత్రుడి కంపెనీకి ఇవేవీ వర్తించవు. చట్టం కోసం తెచ్చుకునే మనిషికీ, అవసరమై తెచ్చుకునే మనిషికీ చాలా తేడా ఉంటుంది.

దక్షిణ కొరియాను చూడండి. 1997 సంక్షోభం తర్వాత అక్కడి పెద్ద కంపెనీల్లో సగం మంది బయటి డైరెక్టర్లు ఉండాలన్నారు. అలాంటి బోర్డులున్న కంపెనీలకు మార్కెట్ ఎక్కువ విలువ కట్టిందని పరిశోధకులు చూపారు. అయితే షేరు విలువ పెరిగినంత మాత్రాన లాభం పెరిగినట్టు కాదు. సొమ్ము పక్కదారి పట్టదన్న నమ్మకానికి మదుపరి కట్టిన ధర కూడా కావచ్చు. మన దేశంలో ఆ నమ్మకం చిన్న విషయం కాదు.

చీమకుర్తి గ్రానైట్:
మా పక్క సంస్థలో 'బయటి డైరెక్టరు' అని తెచ్చినాయన యజమానికి వియ్యంకుడు. నాలుగేళ్లలో ఆయన వద్దన్న తీర్మానం ఒక్కటీ లేదు.

కందుకూరు రైతు కంపెనీ:
వియ్యంకుల సంగతి నిజమే అన్నా. అయినా మా అనుభవం వేరు. మాది రైతు ఉత్పత్తిదారుల కంపెనీ. చట్టప్రకారం 5 నుంచి 15 మంది డైరెక్టర్లు, వారికి తోడు అందులో ఐదో వంతు మించకుండా నిపుణులు ఉండవచ్చు. మేము రిటైరైన బ్యాంకు అధికారిని తీసుకున్నాం. రెండో సమావేశానికి వచ్చిన రోజే ఆయన స్టాకు రిజిస్టరు చేతబట్టుకుని కోల్డ్ స్టోరేజీకి నడిచారు. ఆ చలిలో శాలువా కప్పుకుని, శనగల బస్తాలు వరసవరసగా వేలితో తడుముతూ లెక్కపెట్టారు. రిజిస్టరుకు 44 బస్తాలు తక్కువ. ఒక డైరెక్టరు బంధువు బిల్లు లేకుండా ఎత్తించుకున్నారు. మాకందరికీ తెలుసు, ఊరివాళ్లం కాబట్టి అడగలేకపోయాం. ఆయన అడిగారు. నెల తిరక్కుండా డబ్బు జమ అయింది.

ఒంగోలు ఆడిటర్:
అమ్మా, దీన్ని ఒప్పుకుంటాను. అయితే ఆయనకు గోదాము తాళం ఇచ్చింది మీరే. ఎంతమంది ఇస్తారు? చైనాలో 2021లో కాంగ్‌మెయ్ అనే మందుల కంపెనీ కేసులో, తప్పుడు లెక్కలపై సంతకం చేసిన స్వతంత్ర డైరెక్టర్లు కూడా మదుపరుల నష్టంలో వాటా కట్టాలని కోర్టు తీర్పిచ్చింది. ఆ తర్వాత చాలా కంపెనీల్లో అలాంటి డైరెక్టర్లు వరసగా రాజీనామా చేశారు. చూడనివ్వని చోట సంతకం పెట్టడానికి తెలివైనవారెవరూ రారు.

కోవూరు ఆక్వా:
ఇవన్నీ రాత్రి నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన ఒక్కటే అడిగారు: 'వచ్చే ఆయనకు మన బ్యాంకు స్టేట్‌మెంట్లు చూపించాలా?' చూపించాలన్నాను. ఇంకా ఏమీ చెప్పలేదు.