పాత ఫోర్‌వీల్ డ్రైవ్‌లో బయోడీజిల్: ముందు ఏం మార్చాలి?

ప్రశ్న: రోటరీ పంపు (ఇంజెక్టర్లకు డీజిల్ అందించే పంపుల్లో ఒక రకం) ఉన్న పాత డీజిల్ బండి. బి100, అంటే మామూలు డీజిల్ కలపని బయోడీజిల్, పోద్దామనుకుంటున్నా. ముందు ఏమేం చూసుకోవాలండీ?

జవాబు 1: నేరుగా బి100 వద్దండీ, బి20తో (20 శాతం బయోడీజిల్, మిగతాది మామూలు డీజిల్) మొదలుపెట్టండి. ట్యాంకు అడుగున ఏళ్లుగా పేరుకున్న మడ్డిని బయోడీజిల్ వదులు చేసి లాక్కొస్తుంది. దాంతో మొదట్లో ఫిల్టర్ తొందరగా మూసుకుపోతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ తొక్కినా బండి లాగకపోతే ముందు అనుమానించాల్సింది ఫిల్టర్నే. స్పేర్ ఫిల్టరు బండిలోనే ఉంచుకోండి.

జవాబు 2: గొట్టాలు మరవొద్దు. బి100 తగిలితే పాత రబ్బరు ఉబ్బి, మెత్తబడి, చివరికి కారుతుంది. రిటర్న్ పైపులతో సహా బయోడీజిల్‌ను తట్టుకునే రబ్బరు రకమైన వైటాన్‌వి వేయించండి, పంపు సీళ్లు కూడా. వేళ్లతో నొక్కితే జిగటగా తగిలే గొట్టాన్ని ఆ రోజే మార్చేయాలి.

అడిగినవారు: మరి చలికాలంలో?

జవాబు 1: గడ్డకడుతుంది. పామాయిల్‌తోనో జంతు కొవ్వుతోనో చేసిందైతే కొద్దిపాటి చలికే. అప్పుడు మామూలు డీజిల్ వాటా పెంచండి.

జవాబు 3: నెలల తరబడి బండి తీయకపోతే ట్యాంకులో బి100 ఉంచకండి. నీటిని పీల్చుకుంటుంది, పాడవుతుంది. వాటర్ సెపరేటర్ తరచూ డ్రైన్ చేయండి. ఇంకోటి, వడకట్టిన వంటనూనె బయోడీజిల్ కాదు. మెథనాల్‌తో చర్య జరిపి గ్లిజరిన్ వేరుచేస్తేనే అవుతుంది. చిక్కటి నూనె అలాగే పోస్తే ఇంజెక్టర్ల మీద మసి గట్టిపడుతుంది.