ఒలింపిక్ రింగుల్లో నలుపు ఆఫ్రికాదేనా? గోడ మీద ఏం రాయాలి?

డ్రాయింగ్ టీచర్ (ప్రశ్న):

నేను హైస్కూల్లో డ్రాయింగ్ టీచర్‌ని. గ్రౌండ్ వైపు గోడ మీద ఒలింపిక్ రింగులు వేసి, ఒక్కో రంగు కింద దాని ఖండం పేరు రాయమని నాకు చెప్పారు. మనందరం జనరల్ నాలెడ్జ్ పుస్తకాల్లో బట్టీ పట్టిందే కదా: నీలం యూరప్, పసుపు ఆసియా, నలుపు ఆఫ్రికా, ఆకుపచ్చ ఆస్ట్రేలియా, ఎరుపు అమెరికా.

పెన్సిల్‌తో పేర్లు రాసుకుంటుంటే ఏడో తరగతి పాప వచ్చి, "టీచర్, ఆఫ్రికాకి నలుపు ఎందుకిచ్చారు? మనుషుల రంగు చూసి ఇచ్చారా?" అని అడిగింది. కనుక్కుని చెప్తానన్నాను. అడిగాక నాకూ ఆ పేర్లు రాయడానికి చెయ్యి రావడం లేదు. ఆఫ్రికాకి నలుపు, ఆసియాకి పసుపు, అమెరికాకి ఎరుపు అని వరసగా చదువుతుంటే పాత కాలం జాతుల లెక్కలాగే ఉంది.

ఈ రంగుల అర్థం అసలు ఎవరు చెప్పారు, ఎక్కడ రాసి ఉంది? ఇంకో సందేహం కూడా ఉంది. రింగులు ఒకదానిలోంచి ఒకటి దూరే తీరు నెట్‌లో ఒక్కో బొమ్మలో ఒక్కోలా కనిపిస్తోంది. ఏది సరైనది? గోడ సగం ఖాళీగానే ఉంది కాబట్టి వేరే క్రీడల చిహ్నాలు ఏవైనా వేయదగ్గవి ఉంటే అవీ చెప్పండి.

లోగోల పనివాడు:

టీచర్ గారూ, ఆ పాప అడగాల్సిన ప్రశ్నే అడిగింది. లోగోలు గీయడమే నా పని. ఈ రింగులంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఖండాల పేర్లు రాయకండి.

1913లో ఆధునిక ఒలింపిక్స్‌ని మొదలుపెట్టిన పియరీ డి కూబర్టిన్ ఒక ఉత్తరం పైభాగాన ఈ ఐదు రింగుల్ని తన చేత్తో గీసి రంగులు వేశాడు. వాటి అర్థం కూడా అదే ఏడాది ఒలింపిక్ పత్రికలో ఆయనే రాశాడు. రింగులు ఐదెందుకంటే, ఒలింపిక్స్‌లోకి వచ్చిన భూభాగాలు ఐదు కాబట్టి. ఖండాల ఊసు అక్కడితో సరి. రంగుల విషయంలో ఆయన చెప్పిన కారణం వేరు. ఐదు రంగులకి వెనకున్న తెలుపు కలిపితే ఆరు. ఈ ఆరింటితో అప్పటి దేశాలన్నిటి జెండాలూ వేసెయ్యొచ్చన్నాడు. స్వీడన్ నీలం-పసుపు, గ్రీస్ నీలం-తెలుపు, స్పెయిన్ పసుపు-ఎరుపు అంటూ ఉదాహరణలు కూడా ఇచ్చాడు. రంగులు తీసుకున్నది జెండాల నుంచి. ఏ రింగూ ఏ ఖండానికీ రాసివ్వలేదు.

ఇక నలుపు సంగతి చూడండి. 1913లో నలుపు ఉన్న పేరున్న జెండాలేవి? జర్మనీది అప్పట్లో నలుపు, తెలుపు, ఎరుపు. బెల్జియంది నలుపు, పసుపు, ఎరుపు. రెండూ యూరప్ దేశాలే. నల్ల రింగు తీసేస్తే ఆ రెండు జెండాలూ వేయలేం. పాపకి ఈ ఒక్క మాట చెప్తే చాలు, తనే అర్థం చేసుకుంటుంది. క్లాసులో అందరికీ ఆ ఆరు రంగుల క్రేయాన్లే ఇచ్చి ఏయే జెండాలు వేయగలరో చూడమనండి, నేనైతే అదే చేసేవాణ్ణి.

ఈ రింగుల జెండాని 1914 పారిస్ ఒలింపిక్ మహాసభ కోసం సిద్ధం చేశారు గానీ, మొదటి ప్రపంచ యుద్ధం వల్ల 1916 బెర్లిన్ క్రీడలే జరగలేదు. ఒలింపిక్స్‌లో అది మొదట ఎగిరింది 1920లో, ఆంట్‌వెర్ప్‌లో. ఆంట్‌వెర్ప్ ఉన్నది బెల్జియంలోనే, నలుపు ఉన్న జెండా దేశంలో. ఆ ఫొటోలు చూసినప్పుడల్లా నాకు ఆ సంగతే గుర్తొస్తుంది.

ఇప్పుడు గీయడం. పైన నీలం, నలుపు, ఎరుపు. కింద పసుపు, ఆకుపచ్చ. పై మూడూ ఒకదాన్నొకటి తాకవు, కింది రెండూ తాకవు. పసుపు రింగు నీలంలోంచీ నలుపులోంచీ దూరుతుంది, ఆకుపచ్చ నలుపులోంచీ ఎరుపులోంచీ. అంటే కలిసే జతలు నాలుగు, ఒక్కో జతకి రెండు కూడళ్లు, మొత్తం ఎనిమిది. ప్రతి జతలోనూ ఒక కూడలి దగ్గర ఒక రింగు పైనుంచి పోతే, రెండో కూడలి దగ్గర అదే రింగు కిందనుంచి పోవాలి. రెండు చోట్లా పైనుంచే పోనిస్తే అది ముడి కాదు, ఒకదాని మీద ఒకటి పెట్టిన రెండు గాజులు. గోడల మీద ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. ఐదు రింగులూ నిండుగా వేసెయ్యండి. ఆరాక ఒక్కో జతలో ఒక్క కూడలి దగ్గర మాత్రం కింద ఉన్న రంగుని మళ్లీ పైకి తెచ్చి దిద్దండి. నాలుగు చోట్ల దిద్దితే పని అయిపోతుంది. ఎక్కడ ఏది పైకి రావాలో ఇప్పటి అధికారిక బొమ్మ ముందు పెట్టుకుని చూడండి.

నెట్‌లో బొమ్మలు వేరువేరుగా ఉండటానికి కారణం ఉంది. 1957లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ (ఐఓసీ) ఆమోదించిన బొమ్మలో కింది రెండు రింగులూ కాస్త దిగువకి జరిగాయి. 1986 నాటి నిబంధనల్లో కూడళ్ల దగ్గర సన్నని తెల్ల సందు వదిలిన రూపం వచ్చింది. 2010లో ఆ సందులు తీసేసి, కూబర్టిన్ గీసినట్టు అతుకు లేకుండా దూరే రింగులకే తిరిగి వెళ్లారు. మీరు సందు లేనిదే వేయండి. గోడ మీద సందులతో వేస్తే దూరం నుంచి రింగులు తెగిపోయినట్టు కనిపిస్తాయి.

క్విజ్ అన్నయ్య:

పై జవాబు బాగుంది గానీ ఒక చోట ఆగాలి. ఖండాల లెక్క జనం ఊరికే పుట్టించింది కాదు. 1951కి ముందు ఒలింపిక్ అధికారిక కరదీపికలోనే ఒక్కో రంగుకీ ఒక్కో ఖండం అని రాసి ఉండేది. కూబర్టిన్ అలా అనుకున్నట్టు ఆధారం లేదని తర్వాత తీసేశారు. పుస్తకాల్లో మాత్రం అలాగే మిగిలిపోయింది. కాబట్టి రాసినవాళ్లని తప్పుపట్టడానికి లేదు.

రెండోది, ఆరు రంగులతో అన్ని జెండాలూ అంటే ఇవాళ కుదరదు. ఐర్లండ్ జెండాలో నారింజ ఉంది, మన జెండాలో కాషాయం ఉంది, ఖతర్ జెండా ముదురు మెరూన్. క్రేయాన్లు పట్టుకున్న పిల్లలు ముందుగా అడిగేది ఇదే.

మూడోది, గ్రీస్‌లోని డెల్ఫీలో వేల ఏళ్లనాటి రాయి మీద ఐదు రింగులు చెక్కి ఉన్నాయని చాలాచోట్ల చదివాను. మరి కూబర్టిన్ అక్కడి నుంచి తీసుకున్నాడనే కదా?

లోగోల పనివాడు:

మొదటిది ఒప్పుకుంటున్నాను. 1951 సంగతి మీరు చెప్పడం మంచిదైంది, టీచర్ గారికి స్టాఫ్ రూమ్‌లో వాదన వస్తే పనికొస్తుంది.

కాషాయం మాట నిజమే. కూబర్టిన్ చెప్పింది 1913 నాటి జెండాల గురించి. తర్వాత పుట్టిన దేశాలు తమ రంగులు తాము ఎంచుకున్నాయి. అయినా ఏ జెండా తీసుకున్నా ఆ ఆరింటిలో ఒక్కటైనా దొరుకుతుంది. మన జెండాలోనే తెలుపు, ఆకుపచ్చ, నీలం ఉన్నాయి. పిల్లల్ని "మొత్తం వేయగలిగిన జెండాలు", "ఒక్క రంగైనా దొరికిన జెండాలు" అని రెండు జాబితాలు చేయమంటే సరిపోతుంది.

డెల్ఫీ రాయి మాత్రం పాతది కాదండీ. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌కి జ్యోతి యాత్ర మొదలుపెట్టినప్పుడు నిర్వాహకుడు కార్ల్ డీమ్ డెల్ఫీ స్టేడియంలో వేడుక కోసమని ఆ రాయి మీద రింగులు చెక్కించాడు. వేడుక అయ్యాక రాయి అక్కడే ఉండిపోయింది. ఏళ్ల తర్వాత చూసిన రచయితలు దాన్ని ప్రాచీన గ్రీకుల పని అనుకుని పుస్తకాల్లో ఎక్కించారు. రింగుల ఆలోచన ఎక్కడిదని వెతికితే డెల్ఫీ కన్నా దగ్గరలోనే ఒకటి కనిపిస్తుంది. కూబర్టిన్ పనిచేసిన ఫ్రాన్స్ క్రీడా సంఘాల సమాఖ్య చిహ్నం కూడా ఒకదానిలో ఒకటి దూరిన రెండు రింగులే.

ఇక మిగతా సగం గోడకి. నన్నడిగితే చిహ్నంలో దేన్ని లెక్కపెట్టారో చూడాలి. ఆగ్నేయాసియా క్రీడల చిహ్నంలో రింగులు సభ్యదేశాల లెక్క. 1959లో బ్యాంకాక్‌లో మొదలైనప్పుడు స్థాపక దేశాలు ఆరు, రింగులు ఆరు. కొత్త దేశాలు చేరాక 1999 బ్రూనై క్రీడలకి పది చేశారు. తూర్పు తైమూర్ కూడా వచ్చాక 2011లో పదకొండు. మధ్యలో సింగపూర్‌ని చూడండి. అది చేరింది 1961లో, దాని రింగు వచ్చింది 1999లో. అన్నేళ్లు వాళ్ల క్రీడాకారులు తమ దేశం లెక్కలో లేని జెండా కింద ఆడారు. దేశాల సంఖ్యని బొమ్మలో బిగిస్తే వచ్చే చిక్కు ఇది.

మధ్యధరా క్రీడల వాళ్లు ఖండాల్ని లెక్కపెట్టారు, అదీ చాలా అందంగా. ఆ సముద్రం ఒడ్డునున్న ఆసియా, ఆఫ్రికా, యూరప్‌లకి మూడు రింగులు, వాటి కింది భాగం నీళ్లలో మునిగి అలల్లో వంకర్లు పోతుంది. 1979లో స్ప్లిట్ నగరంలో జరిగిన క్రీడల కోసం గీసిన బొమ్మ అది. అందరికీ నచ్చి శాశ్వత చిహ్నమైపోయింది. ఏ ఖండానికి ఏ రింగు అని అడగనవసరం లేదు, మూడూ ఒకే నీళ్లలో ఉన్నాయి. ఇది తప్పకుండా వేయండి.

పారాలింపిక్స్‌ది ఇంకా ముఖ్యం. 1988 సియోల్‌లో వాళ్ల చిహ్నం ఐదు కొరియా తేగక్ చుక్కలు (నీటిబొట్టులా వంపు తిరిగిన సంప్రదాయ ఆకారాలు), ఒలింపిక్ రింగుల రంగులే, అదే అమరిక. మరీ దగ్గరగా ఉందని ఐఓసీ అభ్యంతరం చెప్పడంతో 1994 నాటికి మూడు చుక్కలు మిగిలాయి. 2003లో ఇప్పుడున్న అజిటోస్ వచ్చాయి. ఒక కేంద్రం చుట్టూ తిరుగుతున్నట్టుండే మూడు వంపులు, ఎరుపు, నీలం, ఆకుపచ్చ. ఆ మూడే ఎందుకంటే, ప్రపంచ దేశాల జెండాల్లో ఎక్కువగా కనిపించే రంగులవి. కూబర్టిన్ చేసిన ఆలోచనే, తొంభై ఏళ్ల తర్వాత. రంగుల కోసం మనుషుల్నీ ఖండాల్నీ కాకుండా జెండాల్ని చూడటం ఎంత మంచి దారో ఇక్కడ తెలుస్తుంది. ఒలింపిక్ రింగులూ ఈ అజిటోస్‌నీ పక్కపక్కన వేస్తే మీ గోడే ఆ మాట చెప్తుంది.

సైగల భాష వాడే మనిషి:

నేను వినలేను, వాలీబాల్ ఆడతాను. ఇలాంటి చర్చల్లో డెఫ్లింపిక్స్ పేరు ఎప్పుడూ రాదు, అందుకే రాస్తున్నాను. మా క్రీడలు 1924లో పారిస్‌లో మొదలయ్యాయి, అంటే పారాలింపిక్స్ కన్నా ముందు.

2003లో వచ్చిన మా చిహ్నంలో నాలుగు చేతులున్నాయి. బాగుంది, చాలా బాగుంది అని చెప్పే సైగల చేతి ఆకారాలు ఒకదాని మీద ఒకటి గుండ్రంగా అల్లుకుంటాయి. అన్నీ కలిపి చూస్తే "ఒక్కటయ్యాం" అనే సైగ. మధ్యలో మిగిలే గుండ్రం కంటిపాప. మేము కళ్లతోనే బతుకుతాం. మా పరుగు పందెం మొదలయ్యేది కూడా తుపాకీ చప్పుడుతో కాదు, లైటు వెలుగుతో. నాలుగు రంగులు నాలుగు ప్రాంతీయ సమాఖ్యలవి: ఆసియా-పసిఫిక్, యూరప్, అమెరికాలు, ఆఫ్రికా.

టీచర్ గారూ, దీన్ని గీసేటప్పుడు వేళ్ల దగ్గర జాగ్రత్త. వేలు కాస్త వంగినా మా భాషలో అర్థం మారిపోతుంది. వాలు గీతల్లా లాగెయ్యకుండా ఒక్కో చేతినీ విడిగా చూసి వేయండి. మీ బడిలో వినలేని పిల్లలుంటే ఆ బొమ్మ ముందు వాళ్లు చాలాసేపు నిలబడతారు.

గ్రాఫిక్స్ విద్యార్థి:

నాది చిన్న చేర్పు. టోక్యో 2020 చిహ్నం కూడా చూడండి. మొదట ప్రకటించిన లోగో మీద కాపీ ఆరోపణలు రావడంతో 2015లో వెనక్కి తీసుకున్నారు. 2016లో అసావో టోకోలో గీసిన నీలి గళ్ల చిహ్నం ఎంపికైంది. అందులో మూడు రకాల దీర్ఘచతురస్రాలు, మొత్తం 45. ఒలింపిక్ చిహ్నంలో అవి నిండు వలయంగా ఉంటాయి, పారాలింపిక్ చిహ్నంలో సరిగ్గా అవే 45 ముక్కలు పైకి తెరుచుకున్న ఆకారంలోకి మారతాయి. ఒక్క ముక్క ఎక్కువ లేదు, తక్కువ లేదు. రెండు క్రీడలూ సమానమని చెప్పడానికి ఇంతకన్నా గట్టి పద్ధతి నేను చూడలేదు. 2024 పారిస్‌లో ఇంకో అడుగు వేసి రెండిటికీ ఒకే చిహ్నం పెట్టారు. గోడకి గళ్ల పని కష్టం. అట్టముక్కలు కత్తిరించి పిల్లలతో పేర్పించండి.

డ్రాయింగ్ టీచర్:

అందరికీ చాలా థ్యాంక్స్. పెన్సిల్‌తో రాసిన ఖండాల పేర్లు చెరిపేశాను. ఒలింపిక్ రింగుల కింద ఇలా రాస్తున్నాను: "ఐదు భూభాగాల నుంచి వచ్చిన క్రీడాకారుల కలయిక. రంగులు 1913 నాటి దేశాల జెండాల నుంచి." పక్కన అజిటోస్, తర్వాత మధ్యధరా రింగులు, చివర డెఫ్లింపిక్స్ చేతులు. స్టాఫ్ రూమ్‌లో అప్పుడే ఒకరు పుస్తకం తెచ్చి చూపించారు, 1951 మాట చెప్పాక శాంతించారు.

వాలీబాల్ ఆడే మిత్రమా, చేతుల స్కెచ్ పూర్తయ్యాక ఫొటో ఇక్కడ పెడతాను. రంగు వేయకముందే ఒక్కసారి వేళ్లు చూసి చెప్పండి.