రిటైర్మెంట్ బంగారానికి ఎమ్మెస్-70 గ్రేడు కావాలా?

పాతరూక: అమెరికాలో ఐఆర్ఏలో, అంటే రిటైర్మెంట్ పొదుపు ఖాతాలో, బంగారం పెట్టుకున్నవాళ్ళు చెప్పండి. అమెరికా ప్రభుత్వ బంగారు నాణెం ఈగిల్ ఉంది కదా, ఔన్సుది, అది మామూలుది చాలా, గ్రేడు వేసి ప్లాస్టిక్ స్లాబ్‌లో సీలు చేసింది కావాలా? నేను అన్నిటికన్నా పై గ్రేడు, ఎమ్మెస్-70లే తీసుకున్నాను. మా అల్లుడు ఒకటే నవ్వు.

లెక్కలమాస్టారు: నవ్వడా మరి! 69 అయినా 70 అయినా లోపలున్న మేలిమి 31.1 గ్రాములే. మీరు ఎక్కువిచ్చింది డబ్బాకి.

పాతరూక: డబ్బాకి కాదండీ. 70 అంటే అయిదు రెట్లు పెద్దది చేసి చూసినా గీత కనపడకూడదు. అలాంటిదానికి గిరాకీ ఎందుకుండదు?

లెక్కలమాస్టారు: కొత్త ఈగిల్స్‌లో 70 వచ్చినవి బోలెడు. గ్రేడు మారితే నిజంగా ధర మారేది 1907-33 నాటి పాత డబుల్ ఈగిల్స్‌కి, అంటే ఇరవై డాలర్ల బంగారు నాణేలకి. అవి 90 శాతం బంగారం, ఐఆర్ఏలోకి రానే రావు.

రాత్రిడ్యూటీ: 99.5 శాతం ఉండాలి అంటారు కదా, ఈగిల్ 22 క్యారెట్లేగా?

లెక్కలమాస్టారు: దానికి చట్టంలోనే మినహాయింపు ఉంది. దక్షిణాఫ్రికా నాణెం క్రూగరాండ్ కూడా 22 క్యారెట్లే, దానికి లేదు.

వంశధార: నా సంగతి వినండి. 1933లో రూజ్‌వెల్ట్ జనం దగ్గర బంగారం తీసేసుకున్నాడు, అరుదైన నాణేలను మాత్రం వదిలేశాడు, అందుకే గ్రేడు ఉన్నవి కొనండి అని ఒకడు ఫోన్లో గంటసేపు భయపెట్టాడు. కొన్నాను. మూడేళ్ళకి అమ్మబోతే షాపతను స్లాబ్‌ని ఒకసారి తిప్పి చూసి, కాలిక్యులేటర్లో ఆ రోజు ఔన్సు ధర కొట్టి నా వైపు తిప్పాడు. 70 అన్న అంకె ఊసే లేదు.

లెక్కలమాస్టారు: రూజ్‌వెల్ట్ ఇచ్చిన ఆ ఆర్డర్లో ఉన్నది కలెక్టర్లు ప్రత్యేక విలువ ఇచ్చే నాణేల మాట. గ్రేడు మాట ఎక్కడుంది? ఈ గ్రేడులు వేసే కంపెనీ పీసీజీఎస్ పని మొదలుపెట్టిందే 1986లో, ఈగిల్ వచ్చిందీ ఆ ఏడే.

పాతరూక: ఎవడో మిమ్మల్ని ముంచితే ఆ పాపం గ్రేడింగుకి అంటగడతారేంటమ్మా?

వంశధార: నన్ను ముంచింది ఆ అంకె పేరు చెప్పేనండీ.

రాత్రిడ్యూటీ: 73 ఏళ్ళు వచ్చాక ఐఆర్ఏలోంచి ఏటా కొంత తియ్యాలి. స్లాబ్ విరిచి ముక్క తీస్తారా సార్? 😀

లెక్కలమాస్టారు: పాతరూక గారూ, మీరు అడగడానికి రాలేదు. పెట్టిన డబ్బుకి మాచేత సరే అనిపించుకోవడానికి వచ్చారు.

పాతరూక: మాస్టారూ, మాట తిన్నగా రానివ్వండి! నాకు 71. మా ఆవిడకి స్పాట్ ధర, అంటే ఆ పూట మార్కెట్ ధర, ఏంటో తెలియదు. రేపు నేను లేనప్పుడు ఎవడో "ఇది నకిలీ, సగం ఇస్తా" అని దబాయిస్తే ఆమె ఏం చేస్తుంది? స్లాబ్ మీద నంబరుంది, వెబ్‌సైట్లో కొడితే అసలుదో కాదో తేలిపోతుంది. మీ 31 గ్రాముల లెక్క ఆమెకి అక్కరకొస్తుందా?

లెక్కలమాస్టారు: ఈ మాట మొదటే చెబితే ఇంత గొడవ ఉండేది కాదు. మీకు కావలసింది అసలుదన్న రుజువు. అది 69 స్లాబ్ కూడా ఇస్తుంది, తక్కువ ధరకి. స్లాబ్‌లు కూడా నకిలీవి వస్తున్నాయి, అదొకటి. అయినా ఐఆర్ఏలో ఉన్నంతకాలం నాణెం డిపాజిటరీలోనే, అంటే బంగారం భద్రపరిచే సంస్థ దగ్గరే కదా? ఆమె షాపు మెట్లెక్కకుండా అక్కడే అమ్మించుకోవచ్చు.

పాతరూక: అమ్మించుకోవడం కాదు. ఆమె చేతిలో పెట్టాలని నా కోరిక.

రాత్రిడ్యూటీ: ఇప్పుడే ఇంటికి తెచ్చి పెట్టకండి సార్. అలా ఇంట్లో ఉంచుకున్నదాన్ని డబ్బు తీసుకున్నట్టే లెక్కేసి పన్ను కట్టాలని 2021లో ట్యాక్స్ కోర్టు చెప్పింది.

వంశధార: ఒకటడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆ నాణేలు ఏ డిపాజిటరీలో ఉన్నాయో, ఎవరికి ఫోన్ చెయ్యాలో ఆవిడకి తెలుసా?

పాతరూక: లేదమ్మా. పాస్‌వర్డ్ కూడా నా దగ్గరే ఉంది.