జేబుల కిల్టు కిల్టేనా? రోజూ వేసుకోవడానికి ఏది కొనాలి?

గ్లాస్గో_గోంగూర:
స్కాట్లాండ్‌కొచ్చి ఆరేళ్లయింది. మొన్న కొలీగ్ పెళ్లికి అద్దె కిల్టు (ఇక్కడి మగవాళ్లు వేసుకునే, మోకాళ్ల దాకా వచ్చే కుచ్చిళ్ల బట్ట) వేసుకున్నప్పటి నుంచి ఒకటే ఆలోచన, దీన్ని శుక్రవారాలు ఆఫీసుకి, వీకెండ్ కూరగాయలకి మామూలుగా వేసుకుంటే ఎలా ఉంటుందని. కాకపోతే పెళ్లిలో వేసుకున్నది రోజూ మోయడం నా వల్ల కాదు. ఆన్‌లైన్‌లో కాటన్‌ది ఒకటి చూశాను. నల్లది, రెండు పక్కలా పెద్ద జేబులు, 60 పౌండ్లు. పక్కింటి స్కాటిష్ పెద్దాయనకి ఫొటో చూపిస్తే "స్కర్టు బాగుంది" అన్నాడు. మా ఆవిడ ఇంకా నవ్వుతూనే ఉంది. అసలు అది కిల్టేనా? కాకపోతే ఏది కొనాలి?

పాత_పంచె:
కాదు. కిల్టంటే ఉన్ని గుడ్డ, వెనక కుచ్చిళ్లు, ముందు చదునుగా ఒకదాని మీద ఒకటి రెండు పొరలు, ఆ ముందు వేలాడే స్పోరన్ అనే చిన్న సంచి. దానికి జేబులుండవు కాబట్టే స్పోరన్ కావాల్సి వచ్చింది. జేబులు కుట్టేశాక అది రెండు కాళ్లూ కలిపి కుట్టిన కార్గో ప్యాంటే. ఇంకో మాట. 1746లో చట్టం తెచ్చి హైలాండ్స్ (స్కాట్లాండ్ ఉత్తరాన కొండప్రాంతం) వాళ్ల ఈ దుస్తుల్ని నిషేధించారు. సైన్యంలో ఉన్నవాళ్లకి తప్ప 1782 దాకా ఎవరికీ అనుమతి లేదు. అలా పోగొట్టుకుని తిరిగి తెచ్చుకున్న బట్టని మనం కూరగాయలకి వేసుకెళ్లడం నాకు నచ్చదు.

లీత్_నడక:
అన్నా, చరిత్ర చెప్తే మొత్తం చెప్పండి. ముందున్నది దుప్పటంత గుడ్డ. నడుముకి బెల్టుతో బిగించి, మిగిలింది భుజం మీద వేసుకునేవాళ్లు. కింది సగాన్నే విడిగా కట్టుకునే పొట్టి కిల్టు 18వ శతాబ్దంలో వ్యాపించింది. 1720ల్లో థామస్ రాలిన్‌సన్ అనే ఇంగ్లిష్ ఇనుము వ్యాపారి పనివాళ్ల సౌకర్యం కోసం దాన్ని మొదలుపెట్టించాడని ఒక వాదన ఉంది, కాదనేవాళ్లూ ఉన్నారు. కుచ్చిళ్లు కుట్టేయడం ఇంకా తర్వాతి ముచ్చట. 1822లో రాజు నాలుగో జార్జ్ ఎడిన్‌బరోకి వచ్చినప్పుడు రచయిత వాల్టర్ స్కాట్ దగ్గరుండి చేయించిన హడావుడితోనే ఇది దేశమంతటి దుస్తు అయింది. ఇన్నిసార్లు మారినదానికి జేబులు వస్తేనే మైల పడుతుందా? ఎడిన్‌బరోలోనే హౌయీ నికల్స్‌బీ అనే కిల్టు దర్జీ 1990ల్లోనే డెనిమ్‌తో, తోలుతో కిల్టులు కుట్టడం మొదలుపెట్టాడు. ఆయన స్కాట్లాండ్ మనిషే.

అయినా మీ పేరే పాత పంచె కదా, ఒకటి అడుగుతా. ఇప్పుడు జేబుతో, వెల్‌క్రోతో వస్తున్న పంచెలు పంచెలు కావా?

పాత_పంచె:
కావు. మా మేనల్లుడి పంచెల ఫంక్షన్‌కి అదే కట్టారు, కట్టారు కాదు, అతికించారు. వాడు దానితోనే వీధిలో క్రికెట్ ఆడొచ్చాడు. ఊడలేదు, అది మాత్రం ఒప్పుకుంటాను.

కుట్టుమిషన్_అక్క:
మీ వాదన తర్వాత, ముందు టేపు తీయండి. కిల్టులు అద్దెకిచ్చే షాపులో నాలుగేళ్లు ఆల్టరేషన్లు చేశాను నేను.

మగవాళ్లందరూ చేసే తప్పు జీన్స్ సైజు చెప్పడం. మామూలు కిల్టు బొడ్డు మీద కూర్చుంటుంది, జీన్స్ దానికి బాగా కింద. 34 జీన్స్ వేసుకునే మనిషికి బొడ్డు దగ్గర 37, 38 రావడం వింతేం కాదు. మన పొట్టల సంగతి నేను చెప్పాలా? జేబుల రకం చాలావరకు తుంటి మీద నిలిచేలా కుడతారు. అందుకే అది ఎక్కడ కూర్చుంటుందో అమ్మేవాళ్లని అడిగి, సరిగ్గా అక్కడే చుట్టుకొలత తీసుకోండి. పొడవు కూడా అక్కణ్నుంచే, మోకాలి చిప్ప నడిమి దాకా. ఇంకొకరి చేత కొలిపించుకోండి. మీరే వంగి చూసుకుంటే కొలత మారిపోతుంది.

ఇక గుడ్డ. 16 ఔన్సుల (గుడ్డ మందాన్ని ఇలా చెప్తారు) ఉన్నితో కుట్టిన 8 గజాల కిల్టు దగ్గర దగ్గర రెండు కిలోలు. పెళ్లిలో మీరు మోసింది అదే అయ్యుంటుంది. 13 ఔన్సుల ఉన్నితో 5 గజాలదైతే కిలో అటూ ఇటూ. రోజూ వేసుకోవాలంటే నా ఓటు దానికే. ఉన్నికి ఒకసారి ఆవిరి పట్టి ఇస్త్రీ చేస్తే కుచ్చిళ్లు చాలాకాలం నిలుస్తాయి, రాత్రి హ్యాంగర్‌కి వేలాడదీస్తే చాలు. కాటన్ అలా కాదు, మెషిన్‌లో వేశారా, బయటికి వచ్చేసరికి కుచ్చిళ్ల ఆనవాలు ఉండదు. ఒక్కోటీ మడిచి ఇస్త్రీ చేసుకోవాలి. ఉతికేముందు కుచ్చిళ్ల అంచుకి ఒక వరస కచ్చా కుట్టు వేస్తే ఆ బాధ సగం తగ్గుతుంది. పాలీవిస్కోస్ అనే కృత్రిమ గుడ్డది చవక, ఉతకడం తేలిక, నాలుగడుగుల దూరం నుంచి ఉన్నిలానే ఉంటుంది. టూరిస్టుల కోసం వేలాడదీసే అక్రిలిక్ జోలికి మాత్రం పోకండి.

కొనేముందు ఒక కుచ్చిలి వేలితో తెరిచి చూడండి. లోపలి మడత లోతుగా ఉండాలి. పైపైన మడిచినదైతే మెట్లెక్కేటప్పుడు విచ్చుకుపోతుంది. కిల్టు పిన్ను పెట్టుకుంటే పై పొరకే గుచ్చాలి, రెండింటికీ కలిపి కాదు.

అబర్డీన్_గాలి:
అక్క చెప్పిన జీన్స్ సైజు తప్పు చేసింది నేనే. ఆన్‌లైన్‌లో ఒకచోట కొన్నాను. బక్కిల్ చివరి రంధ్రం దాకా కూడా రాలేదు, వాళ్లు వాపస్ తీసుకోలేదు. రెండోసారి పలచటి కాటన్ కొన్నాను. బీచ్ దగ్గర సముద్రం గాలికి ముందు పొర లేచింది. ఒక చేత్తో దాన్ని, ఇంకో చేత్తో చిప్స్ పట్టుకుని కారు దాకా నడిచాను. బరువు అనేది లోపం కాదని ఆ రోజు తెలిసింది. జేబుల గురించి ఒక ముక్క: అందులో ఫోన్ పెడితే అడుగడుక్కీ తొడకి కొట్టుకుంటుంది.

లోపల ఏముందని శనివారం రాత్రి తాగినవాళ్లు అడుగుతారు. అడగనివ్వండి.

గ్లాస్గో_గోంగూర:
అక్కా, టార్టాన్ సంగతి? అదే, ఒక్కో వంశానికి ఒక్కో రకం అనే ఆ గళ్ల డిజైను. మన ఇంటిపేర్లకి టార్టాన్ ఉండదు కదా.

లీత్_నడక:
ఎవరైనా ఏదైనా వేసుకోవచ్చు, అడ్డుకునే చట్టం లేదు. బ్లాక్ వాచ్ అనే టార్టాన్ లాంటివి అందరూ వేసుకునేవే. ఇక్కడి సిక్కులకి సింగ్ టార్టాన్ అని ఒకటుంది. కొత్తవి నమోదు చేసుకోవడానికి 2009 నుంచి ప్రభుత్వ రిజిస్టరే ఉంది, కావాలంటే గోంగూర రంగుతో మీరూ ఒకటి వేయించుకోండి. టెన్షన్‌గా ఉంటే టార్టాన్ లేని బూడిదరంగు ట్వీడ్ (గరుకు ఉన్ని గుడ్డ) తీసుకోండి.

పాత_పంచె:
ట్వీడ్‌కి నాకు అభ్యంతరం లేదు. కానీ ఇక్కడివాళ్లే పెళ్లిళ్లకి, మ్యాచ్‌లకి తప్ప పెద్దగా వేసుకోరు, రోజూ మీకెందుకన్నదే నా ప్రశ్న.

లీత్_నడక:
మ్యాచ్ రోజు హాంప్‌డెన్ ఫుట్‌బాల్ స్టేడియం దగ్గర నిలబడి చూడండి. ఫుట్‌బాల్ జెర్సీ, కింద కిల్టు, కాళ్లకి పాత ట్రైనర్లు. అంతకంటే క్యాజువల్ ఏముంటుంది?

పాత_పంచె:
అది వాళ్ల ఇంట్లో వాళ్లు లుంగీ కట్టుకున్నట్టు. మనం చుట్టాలింటికి వచ్చినవాళ్లం.

గ్లాస్గో_గోంగూర:
రెండు వారాల తర్వాత రాస్తున్నా. మా ఆవిడే టేపు పట్టింది. జీన్స్ 34, బొడ్డు దగ్గర 38. ఆ అంకె చూసి ఇంకో పది నిమిషాలు నవ్వింది. 5 గజాలది, బూడిదరంగు ఉన్ని, సెకండ్ హ్యాండ్‌లో దొరికింది, 90 పౌండ్లు. జేబుల్లేవు. పాత పంచె గారూ, ఇది మీ మాట విని కాదు, ఫోన్ తొడకి కొట్టుకుంటుందని భయపడి.

మొదటిరోజు సబ్‌వేలో ప్యాంటులో కూర్చున్నట్టే దబ్బున కూర్చున్నాను. లేచేసరికి వెనక అంతా నలిగిపోయింది. ఇంటికొచ్చాక మా ఆవిడ నేర్పింది, లంగా వేసుకున్నవాళ్లు వెనక చెయ్యి పెట్టి కుచ్చిళ్లు సర్దుకుని కూర్చుంటారే, అలా. ఇన్నేళ్లూ చూస్తూనే ఉన్నాను, ఎందుకో ఎప్పుడూ ఆలోచించలేదు.

నిన్న చెత్తబుట్ట బయట పెడుతుంటే పక్కింటి పెద్దాయన కంచె మీదుగా కిందికీ పైకీ చూశాడు. ఈసారి స్కర్టు అనలేదు. "పిన్ను రెండు పొరలకీ గుచ్చావు, తియ్యి" అన్నాడు.