మినీ లేత్‌పై వెనుక టూల్ పోస్ట్: క్రాస్ స్లైడ్‌కు రంధ్రాలు వేయవచ్చా?

ఇనుపరజను:
నా 7×14 అంగుళాల మినీ లేత్‌పై 25 మి.మీ. మైల్డ్ స్టీల్ రాడ్డును 2 మి.మీ. పార్టింగ్ బ్లేడుతో (ముక్కగా తెగకోసే బ్లేడు) కోస్తుంటే, సగం లోతుకు చేరేసరికి టూల్ లోపలికి లాక్కుని మోటారు ఆగిపోతోంది. టూల్‌ను రాడ్డు వైపు జరిపే క్రాస్ స్లైడ్ వెనుక భాగంలో, బ్లేడును తలకిందులుగా పట్టుకునే చిన్న టూల్ పోస్ట్ తయారు చేసుకోవాలనుకుంటున్నాను. ఈ స్లైడ్‌కు టీ-స్లాట్లు (బోల్టు తలను పట్టే గాడులు) లేనందున రెండు ఎం8 (8 మి.మీ. మర) రంధ్రాలు వేయక తప్పదు. మీ అభిప్రాయాలు తెలుపగలరు.

పాతటర్నర్:
వద్దండీ. 31 సంవత్సరాలు లేత్‌పై పనిచేశాను, బ్లేడును ఒక్కసారి కూడా తిరగేయలేదు. బ్లేడు మొన రాడ్డు సెంటరు ఎత్తులో ఉందా, గిబ్ (స్లైడ్ వదులును తీసే బద్ద) బిగువుగా ఉందా, శాడిల్ (స్లైడ్‌ను మోసే పీఠం) లాక్ చేశారా అన్నవి ముందు చూసుకోండి. 13 మి.మీ. లోతు కోయడానికి బ్లేడును 30 మి.మీ. బయటకు చాచే వారిని చాలామందిని చూశాను.

ఇనుపరజను:
నా బ్లేడు బయటకు ఉన్నది 15 మి.మీ. మాత్రమే. మీరు చెప్పిన మూడూ సరిచూసుకున్న తరువాతే ఇక్కడ రాశాను. ముందున్న పోస్ట్‌పై భారం కిందికి పడినప్పుడు పోస్ట్ ముందుకు వంగి, బ్లేడు మొన రాడ్డులోకి మరింత దిగుతుంది. దిగేకొద్దీ భారం పెరుగుతుంది. వెనుక, తలకిందుల బ్లేడుపై భారం పైకి పడుతుంది కనుక, వంగినా మొన రాడ్డుకు దూరంగా జరుగుతుంది. రజను కూడా గాడిలో ఇరుక్కోకుండా కిందికి రాలిపోతుంది.

రాగిచెంబు:
బ్లేడు మందం ఎంత?

ఇనుపరజను:
2 మి.మీ. అని మొదట్లోనే రాశాను.

పాతటర్నర్:
భారం పైకి పడుతుందని మీరే అంటున్నారు. మరి ఈ చిన్న యంత్రాలలో శాడిల్‌ను పైకి లేవకుండా ఆపేది బెడ్ (శాడిల్ జారే పట్టాలు) కింద చిన్న మరలతో బిగించిన రెండు సన్నని పట్టీలే కదా? డయల్ గేజ్ (సూక్ష్మమైన కదలికను కొలిచే సాధనం) పెట్టి, శాడిల్‌ను చేత్తో పైకి లాగి చూడండి.

గ్రీజుచేయి:
బ్లేడును ముందు పోస్ట్‌లోనే తిరగేసి, స్పిండిల్‌ను (రాడ్డును తిప్పే ఇరుసు) వెనక్కు తిప్పితే సరిపోదా? చక్ (రాడ్డును పట్టుకునే భాగం) ఫ్లాంజితో బిగించినది కాక, మరతో తిరిగి బిగుసుకునే రకమైతే మాత్రం ఊడి వచ్చే ప్రమాదం ఉంది.

ఇనుపరజను:
పాతటర్నర్ గారూ, అనుభవం గురించి మీరు చెబుతుంటే నాకు ఆటోనగర్‌లో జరిగింది గుర్తుకు వస్తోంది. ఈ పోస్ట్ కోసమే ఒక వర్క్‌షాపులో దిమ్మకు గాడి వేయమని ఇస్తే, 18 రోజులు తిప్పించుకుని, గాడిని 1 మి.మీ. పక్కకు వేసి ఇచ్చారు. వారిదీ ముప్పై ఏళ్ల అనుభవమే. నా డబ్బుతో కొన్న యంత్రానికి నేను రంధ్రం వేస్తే మీకు కలిగే బాధ ఏమిటో అర్థం కావడం లేదు.

పాతటర్నర్:
బాధ ఉన్న మాట నిజమే. మా షాపులో స్లైడ్‌పై సుత్తి పెట్టినా ఆ రోజు కూలి కోసేవారు. మీరు యంత్రాన్నే ఒక జాబ్‌గా (కోసే ముక్కగా) చూస్తున్నారు. మేము యంత్రాన్ని అలా చూడలేదు. పనికి పనికొచ్చేది చెడగొడితే మళ్లీ దొరకదని నేర్చుకున్నవాళ్లం. గాడి పక్కకు వేసినవాడి తప్పు నా ఖాతాలో రాయకండి.

ఇనుపరజను:
ఆ మాట అనవలసింది కాదు. డయల్ పెట్టి చూశాను, శాడిల్ 0.12 మి.మీ. లేచింది. పట్టీలు సర్దాక 0.03కు తగ్గింది. ముందు పోస్ట్‌తోనే మళ్లీ కోశాను. ఇదివరకు 6 మి.మీ. దగ్గర ఆగేది, ఇప్పుడు 9 దాకా వెళ్లి ఆగింది. ఆదివారం రంధ్రాలు వేస్తున్నాను.

పాతటర్నర్:
వేస్తానంటున్నారు కనుక వినండి. స్లైడ్‌ను విప్పి తీసి, కింద ఫీడ్ స్క్రూ ఎక్కడ నడుస్తుందో, డొవెటైల్ (స్లైడ్ జారే వాలు గాడి) ఎక్కడ మొదలవుతుందో గీత గీసుకోండి. ట్యాప్‌తో మర తీసే ముందు 6.8 మి.మీ. డ్రిల్లు వాడండి, లోతు దాటకుండా దానికి టేపు చుట్టండి. పోత ఇనుము కనుక నూనె వద్దు, పొడిగానే వేయండి.

రాగిచెంబు:
3 మి.మీ. బ్లేడు ప్రయత్నించారా?