అప్‌డేట్: ‘కాసు’ నుంచే ‘క్యాష్’ వచ్చిందా?

డబ్బును మనం వాడుకలో ‘కాసులు’ అంటాం కదా, ఇంగ్లీషు ‘క్యాష్’ కూడా దాని నుంచే పుట్టిందా అని ఇదివరకు అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. నిఘంటువులు తిరగేశాక నా ఊహ సగమే నిజమని తేలింది. రొక్కం అనే అర్థంలోని ‘క్యాష్’కు మూలం డబ్బుపెట్టెను సూచించే ఫ్రెంచి, ఇటాలియన్ మాటలు, అయితే అవే అక్షరాలతో చిన్న రాగి నాణేన్ని తెలిపే మరో ‘క్యాష్’ ఉంది, అది మాత్రం దక్షిణాది ‘కాసు’ పోర్చుగీసువారి నోట పడి, రూపు మారి ఇంగ్లీషులో చేరినది.

ఈ రెండోదాని సాక్ష్యం మా ఇంట్లోనే ఉందని తెలియక ఇన్నాళ్లూ ఊళ్లో వాళ్లను అడుగుతూ తిరిగాను. అమ్మమ్మ పెట్టెలోని నల్లబడ్డ నాణేన్ని చింతపండుతో తోమితే (నాణేలు సేకరించేవారు ఇలా చేయకూడదంటారు, తరువాత తెలిసింది) ఒక వైపు ఈస్టిండియా కంపెనీ చిహ్నం, 1808 సంవత్సరం, మరో వైపు పారశీక లిపి, దాని కింద రోమన్ అంకెల్లో 20, పక్కనే ఇంగ్లీషులో ‘క్యాష్’ అని కనిపించాయి. అప్పటి మద్రాసు లెక్కలో 80 కాసులు ఒక ఫణం, 42 ఫణాలు ఒక వరహా. అంటే ఆ నాణెం పావు ఫణం.

అంత చిన్న రాగి నాణెం పేరే నేడు మన వైపు 8 గ్రాముల బంగారానికి నిలిచింది. ఇంగ్లండు బంగారు నాణెం ‘సవరను’ బరువు దాదాపు అంతే కావడం వల్ల ఆ కొలత స్థిరపడి ఉండవచ్చునని నాకు తోస్తోంది.