ఎంపీలు బయటి దేశాలకెళ్లి భద్రత గురించి మాట్లాడితే మన తీరానికి ఒరిగిందేమైనా ఉందా?

ఏడురోడ్ల జంక్షన్ (శ్రీకాకుళం):

నిన్న సాయంత్రం మా బావమరిదితో మొదలైన వాదన రాత్రి భోజనాల దాకా తెగలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను. పహల్గాంలో 2025 ఏప్రిల్ 22న 26 మందిని చంపారు. మే నెలలో ఆపరేషన్ సిందూర్ జరిగింది. ఆ తర్వాత మన దేశం ఏడు బృందాలను బయటికి పంపింది. 51 మంది నాయకులు, 8 మంది మాజీ రాయబారులు, 33 రాజధానులు. మన తెలుగువాళ్లూ ఉన్నారు. కాంగ్రెస్ ఎంపీ శశి థరూర్ బృందంలో అమలాపురం ఎంపీ హరీష్ బాలయోగి, రవిశంకర్ ప్రసాద్ బృందంలో పురందేశ్వరి, సుప్రియా సూలే బృందంలో నరసరావుపేట ఎంపీ లావు శ్రీకృష్ణదేవరాయలు, బైజయంత్ పండా బృందంలో ఒవైసీ.

నా మాట సూటిగా చెప్పేస్తాను. ఈ చర్చలవల్ల పెద్దగా పని జరగదు, దండగ. ఎంపీ చేతిలో సంతకం లేదు. మన దేశంలో ఒప్పందం చేసుకునేది ప్రభుత్వం, నడిపేది విదేశాంగ శాఖ. వెళ్లిన మనిషి ఎంత బాగా మాట్లాడినా అవతలివాళ్లు విని, కాఫీ ఇచ్చి, ఫొటో దిగి పంపేస్తారు.

ఇంకో సంగతి, నాకు అసలు మింగుడుపడనిది ఇదే. ఆ 33 రాజధానుల్లో మన పక్క దేశం ఒక్కటీ లేదు. ఢాకా లేదు, కొలంబో లేదు, ఖాట్మండూ లేదు. పుండు ఒకచోట, మందు ఒకచోట. శ్రీకాకుళం మనిషికి ప్రాంతీయ భద్రత అంటే సముద్రంలో కంటికి కనపడని ఒక గీత. దాని గురించి లాట్వియాలో మాట్లాడితే ఏం లాభం? నేను తప్పయితే చెప్పండి, కానీ పార్టీ గొడవలోకి దించకండి.

గంటస్తంభం (విజయనగరం):

పార్టీ గొడవ వద్దు సరే, కానీ లాట్వియా సంగతి మీరు అనుకున్నట్టు లేదు. ఆ దేశాల జాబితా పక్కన పెట్టుకుని, ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి సభ్యుల జాబితా చూడండి. 2025, 2026 రెండేళ్లూ మండలిలో పాకిస్తాన్ ఉంది. కాబట్టి అక్కడ ఏ ప్రకటన వచ్చినా, ఏ పదం పెట్టాలన్నా తీసేయాలన్నా పాకిస్తాన్‌కి ఒక చెయ్యి ఉంటుంది. 2025లో మిగతా తాత్కాలిక సభ్యులు ఎవరు? అల్జీరియా, గయానా, పనామా, దక్షిణ కొరియా, సియెర్రా లియోన్, స్లొవేనియా, గ్రీస్, డెన్మార్క్, సోమాలియా. వీటిలో సోమాలియా తప్ప అన్నిటికీ మనవాళ్లు వెళ్లారు. శాశ్వత సభ్యుల్లో చైనా తప్ప నలుగురి దగ్గరికీ వెళ్లారు.

అంతకన్నా ముఖ్యమైనది వినండి. 2025 జూన్ 3న మండలికి కొత్తగా అయిదు దేశాలు ఎన్నికయ్యాయి, బహ్రెయిన్, కొలంబియా, కాంగో, లాట్వియా, లైబీరియా. మన బృందాలు ఆ అయిదింటికీ వెళ్లాయి. అది ఎవరో కూర్చుని లెక్క వేసుకున్న పని. నాకైతే ఆ లెక్క నచ్చింది. పొరుగు దేశంతో తగాదా పొరుగింట్లోనే తేలదు, ఊళ్లో పెద్దమనుషుల దగ్గర ఎవరి మాట ముందు చేరిందో కూడా చూడాలి.

పక్క దేశాలకు వెళ్లలేదన్నారు, ఆ మాట మాత్రం ఒప్పుకుంటాను. అది లోటే.

కళింగపట్నం లైట్‌హౌస్:

కాఫీ ఇచ్చి పంపేస్తారన్నారు కదా, కొలంబియాలో ఏం జరిగిందో మర్చిపోయినట్టున్నారు. మన దాడుల్లో పాకిస్తాన్‌లో చనిపోయినవాళ్లకు ఆ దేశం సంతాపం చెప్పింది. మే నెలాఖరులో థరూర్ బృందం బొగోటా వెళ్లి, మాకు ఇది బాధ కలిగించిందని వాళ్ల గడ్డ మీదే చెప్పింది. కొలంబియా ఆ ప్రకటన వెనక్కి తీసుకుంది. రాయబారి రాసే ఉత్తరానికి, ఎదురుగా కూర్చుని ప్రతిపక్ష ఎంపీ చెప్పే మాటకు తేడా ఉంది. ప్రతిపక్షంవాడే ఇలా అంటున్నాడంటే దేశం మొత్తం అంటున్నట్టే కదా.

బొబ్బిలి వీణ:

ఒక్క కొలంబియాని పట్టుకుని వేలాడితే ఎలాగండీ. నేను ఈ విషయంలో ఏడురోడ్ల వైపే, కానీ కారణం వేరు. చట్టసభ సభ్యుడు వేరే దేశం వెళ్తే ఉపయోగం లేకపోవడం ఒక్కటే కాదు, ఒక్కోసారి నష్టం కూడా. 2022 ఆగస్టు 2న అమెరికా ప్రతినిధుల సభ స్పీకర్ నాన్సీ పెలోసీ తైవాన్‌లో దిగారు. ఒక్కరోజు ఉండి వెళ్లిపోయారు. ఆమె వెళ్లిన మర్నాడే చైనా ద్వీపం చుట్టూ సైనిక విన్యాసాలు మొదలుపెట్టి క్షిపణులు వదిలింది. తైవాన్ నుంచి కొన్ని రకాల చేపలు, నిమ్మ జాతి పళ్లు కొనడం ఆపేసింది. అమెరికాతో సైన్యాల మధ్య ఉండే మాటలూ తెగ్గొట్టుకుంది. మాట్లాడినవాళ్లు విమానం ఎక్కి ఇంటికెళ్లారు, చేపలు పట్టేవాడికి దెబ్బ పడింది. మన ఒడ్డున పుట్టినవాళ్లకు ఇది అర్థం కాకపోతే ఇంకెవరికి అర్థమవుతుంది?

పైగా అమెరికా సెనేటర్‌నీ మన ఎంపీనీ ఒకే గాటన కట్టకూడదు. అక్కడ ఒప్పందానికి సెనేట్‌లో మూడింట రెండొంతుల ఓట్లు కావాలి, రాయబారిని పంపాలన్నా సెనేట్ ఒప్పుకోవాలి. మనతో అణు ఒప్పందం 2008లో వాళ్ల కాంగ్రెస్ ఓటుతోనే గట్టెక్కింది. 2024 జూన్‌లో వాళ్ల ప్రతినిధుల సభ సభ్యులు మెకాల్, పెలోసీ వాళ్లు ధర్మశాల వచ్చి దలైలామాని కలిశారంటే, అప్పటికే వాళ్ల సభలో టిబెట్ బిల్లు పాసై ఉంది. జూలైలో అది చట్టమైంది. వాళ్ల మాట వెనక బరువుంది. మన ఎంపీ మాట వెనక ఏముంది చెప్పండి.

మత్స్యలేశం ఆడపడుచు:

అన్నయ్యలూ, నేను ఇన్నాళ్లూ ఇక్కడ చదివి ఊరుకునేదాన్ని. ఈరోజు రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా వైపు మగవాళ్లు ఆగస్టు వచ్చేసరికి గుజరాత్ వెరావల్ వెళ్లిపోతారు. అక్కడ పెద్ద బోట్ల మీద తండేలుగా (బోటు నడిపేవాడు), కళాసీలుగా (బోటు మీద పనివాళ్లు) పనిచేస్తారు. మన దగ్గర వాళ్లు దిగడానికి సరైన జెట్టీ ఉంటే అంత దూరం ఎందుకెళ్తారు, అది వేరే ఏడుపు. 2018 నవంబరులో మన జిల్లా, విజయనగరం జిల్లా వాళ్లు పాకిస్తాన్‌కి చిక్కారు. మా చిన్నాన్న కొడుకు అందులో ఒకడు. కబురు బోటు యజమాని ఫోన్ నుంచి వచ్చింది, అది కూడా ఒక్క ముక్క, "పట్టుకుపోయారు" అని. ఆ తర్వాత కరాచీ మలీర్ జైలు అని తెలిసింది.

అప్పటినుంచి మా పిన్ని దగ్గర ఒక ప్లాస్టిక్ కవరు ఉండేది. కొడుకు ఆధార్ జిరాక్సు, ఓటరు కార్డు, రేషను కార్డు, పెళ్లిలో తీసిన ఒక ఫొటో. ఏ నాయకుడు ఊరొచ్చినా ఆ కవరు పట్టుకుని వెళ్లేది. ఒక ఆఫీసులో మూడుసార్లు అవే కాగితాలు అడిగారు. నాలుగోసారి ఆవిడ ఇవ్వలేదు, చూపించి మళ్లీ కవర్లో పెట్టేసుకుంది. ఎండకీ చేతి చెమటకీ ఆ ఫొటోలో మొహం పక్క రంగు పోయింది. మరుసటి సంవత్సరం, 2019లోనే పుల్వామా, బాలాకోట్, ఆగస్టులో కశ్మీర్ విషయం. టీవీలో రోజూ యుద్ధం అంటుంటే పిన్ని టీవీ ఆపించేసింది. ఆ ఏప్రిల్‌లో 360 మందిని వదులుతున్నామని పాకిస్తాన్ చెప్పినప్పుడు మావాళ్లు అందులో ఉన్నారేమో అని ఊరంతా ఎదురుచూశాం, లేరు. చివరికి 2020 జనవరి 6న 20 మంది వాఘా దాటారు.

నేను అడిగేది ఒకటే. రెండు దేశాల మధ్య మాటలు పూర్తిగా చెడిపోయిన ఆ రోజుల్లో కూడా ఒక సన్న దారి తెరిచి ఉంది కాబట్టే వాళ్లు వచ్చారు. భారత్, పాకిస్తాన్ 2008లో చేసుకున్న ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న రెండు దేశాలూ ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. యుద్ధం వచ్చేలా ఉన్నా ఆ కాగితం మారుతుంది. మీరు దండగ అంటున్న మాటల్లోంచే ఇలాంటివి పుడతాయి. ఎంపీలు ఏ దేశం వెళ్లినా నాకు అభ్యంతరం లేదు, కానీ బల్ల దగ్గర మా మనుషుల పేరు ఎత్తారా లేదా అన్నది నాకు కావాలి.

నాగావళి ఒడ్డు:

చెల్లెమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను.

బొబ్బిలి వీణ గారికి జవాబు. ఎంపీ మాట వెనక బరువు లేదన్నారు. 1994లో జెనీవాలో మానవ హక్కుల కమిషన్‌లో కశ్మీర్ మీద పాకిస్తాన్ తీర్మానం పెట్టింది. ప్రధాని మన పీవీ. ఆయన మన బృందానికి ఎవర్ని నాయకుడిగా పంపారు? ప్రతిపక్ష నాయకుడు వాజ్‌పేయిని. ఫరూక్ అబ్దుల్లా కూడా వెళ్లారు. పాకిస్తాన్ తీర్మానాన్ని ఓటుకు పెట్టకుండానే వెనక్కి తీసుకుంది. తెర వెనక ఇరాన్, చైనాలతో జరిగిన మాటలు కూడా పనిచేశాయి, ఎంపీలొక్కరే చేశారని నేను అనను. కానీ ఆ మనిషి అక్కడ కూర్చోవడంతోనే సగం పని అయింది.

రెండోది, పక్క దేశం విషయమే. బంగ్లాదేశ్‌తో భూ సరిహద్దు ఒప్పందం 1974లో ఇందిరా గాంధీ, ముజీబుర్ రహ్మాన్ సంతకం చేశారు. ప్రభుత్వం సంతకమే చాలనుకుంటే అప్పుడే అయిపోవాలి. అవలేదు. మన భూమి ఇవ్వాలంటే రాజ్యాంగ సవరణ కావాలి, అంటే ఎంపీల ఓటు కావాలి. 2015 మే నెలలో పార్లమెంటు వందో సవరణ పాస్ చేసేదాకా ఆగింది. 41 ఏళ్లు! అన్నేళ్లు ఆ చిట్‌మహల్ గ్రామాల్లో (ఒక దేశం మధ్యలో చిక్కుకున్న ఇంకో దేశం ఊళ్లు) ఉన్నవాళ్లకు ఏ దేశమో తెలియని బతుకు. కాబట్టి చట్టసభకు ఇందులో పాత్ర లేదనడం సరి కాదు. ఆ పాత్రని మనవాళ్లు సరిగ్గా వాడుకోవడం లేదు, నా కోపం అక్కడ.

ఏడురోడ్ల జంక్షన్ (శ్రీకాకుళం):

అమ్మా, మత్స్యలేశం నుంచి రాసిన మీకు ముందు నమస్కారం. నేను దండగ అన్నమాట మీ పిన్ని గారి ఎదురుగా అనలేను. గంటస్తంభం గారు చెప్పిన భద్రతా మండలి లెక్క నాకు నిజంగా తెలియదు, ఆ మేరకు నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కానీ ఒక్కచోట మాత్రం కదలను. ఆ బృందాలు తిరిగొచ్చి ప్రధానిని కలిశాయి, మనకి విమానాశ్రయం ఫొటోలు కనిపించాయి. ఏ దేశంలో ఏం అడిగారు, వాళ్లు ఏమన్నారు, అది ఊళ్లో ఉన్న మాకు ఎవరు చెప్పారు? పంచాయతీ మీటింగులో కూడా మినిట్స్ రాస్తారు. రహస్యంగా ఉంచాల్సినవి ఉంచుకోండి, తప్పు లేదు. మిగతాది సభలో చెప్పండి.

చింతపల్లి తీరం (విజయనగరం జిల్లా):

అందరూ పాకిస్తాన్ దగ్గరే ఆగిపోయారు. 2025 అక్టోబరులో మా భోగాపురం వైపు మత్స్యకారులు బంగ్లాదేశ్ కోస్ట్‌గార్డుకి చిక్కారు, గుర్తుందా? విశాఖ నుంచి వేటకెళ్లినవాళ్లు. ఇక్కడ కొందరు వాళ్లదే తప్పు, గీత దాటారు అంటారు. సరే, గీత గురించే మాట్లాడదాం. బంగ్లాదేశ్‌తో సముద్ర సరిహద్దు 2014 జూలై 7న అంతర్జాతీయ ట్రిబ్యునల్ తేల్చింది. తగాదాలో ఉన్న సుమారు 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 వాళ్లకి వెళ్లింది. మన దేశం మర్యాదగా ఒప్పుకుంది, మంచిదే. కాగితం మీద గీత తేలింది. నీళ్ల మీద ఆ గీత లేదు. రాత్రి వల వేసి పడుకుంటే వల బరువుకీ నీటి లాగుడికీ బోటు ఎటు పోతుందో, ఇంజిన్ ఆగిపోతే ఎక్కడ తేలుతుందో వేటకెళ్లినవాడికి తెలుసు.

తెలియక దాటినవాణ్ణి బోటుతో సహా వెనక్కి తిప్పి పంపే పద్ధతి రెండు కోస్ట్‌గార్డుల మధ్య గట్టిగా ఉండాలి. జైలు, కేసు, నెలల తరబడి వాయిదాలు అక్కర్లేదు. ఇది అడగడానికి ఢాకాకి ఎంపీల బృందం వెళ్తే, నేను నా సొంత ఖర్చుతో వైజాగ్ విమానాశ్రయానికెళ్లి దండ వేసి వస్తాను.

బొబ్బిలి వీణ:

ఢాకా బృందం మాటకు నేనూ సరే. నాగావళి గారూ, జెనీవా ఉదాహరణ బాగుంది, కానీ అది ముప్పై ఏళ్ల కిందటిది, అప్పట్లో ప్రతిపక్షాన్ని నమ్మి పంపే మనసు ఉండేది. ఆ నమ్మకం రోజూ ఉండాలి, దాడి జరిగినప్పుడు మాత్రమే కాదు. నా అభిప్రాయం అంతే, మారలేదు.

గంటస్తంభం (విజయనగరం):

ఒక పని చేద్దాం. భారత్, పాకిస్తాన్ జైళ్లలో ఉన్నవాళ్లను చూడ్డానికి రిటైర్డ్ జడ్జీల కమిటీ ఒకటి ఉంది, అటు నలుగురు ఇటు నలుగురు. జైలుకెళ్లి మనిషిని చూసి, శిక్ష అయిపోయినవాళ్లను పంపేయమని చెప్పేవాళ్లు. 2013 అక్టోబరు తర్వాత అది సమావేశం కాలేదు. మన శ్రీకాకుళం, విజయనగరం ఎంపీలిద్దరికీ ఒకే ఉత్తరం రాద్దాం, ఆ కమిటీ మళ్లీ ఎప్పుడు కూర్చుంటుందో విదేశాంగ శాఖ నుంచి రాతపూర్వకంగా జవాబు తెప్పించమని. దాంతోపాటు చింతపల్లి తీరం అడిగిన కోస్ట్‌గార్డు పద్ధతి. ముసాయిదా ఆదివారానికి నేను రాస్తాను. ఊళ్ల పేర్లు, చిక్కుకున్న వివరాలు మీరు చెప్పాలి.

మత్స్యలేశం ఆడపడుచు:

రాయండి అన్నయ్యా. ఇంకొక్క మాట అందులో చేర్చండి. పేర్లు. మావాళ్ల ఇంటిపేరు ఆధార్‌లో ఒకలా, అక్కడ పోలీసులు రాసుకున్నది ఒకలా ఉంటుంది. ఒక్క అక్షరం తేడా వస్తే మన మనిషేనని తేల్చడానికే నెలలు పడుతుంది. వేటకెళ్లే ముందే ప్రతి మనిషి పేరు ఇంగ్లీషులో ఎలా రాయాలో ఒక కార్డు మీద రాసి, అదే మత్స్యశాఖ దగ్గరా, బోటు యజమాని దగ్గరా ఉండేలా చూడమనండి. మా పిన్ని కవరు ఇంకా బీరువాలోనే ఉంది, అందులో కాగితాలు చూసి ఏమేం అడిగారో జాబితా రాసి రేపు పెడతాను.